నలభై రెండులో ఒక్కటి

1977 మార్చి ఎన్నికల లెక్క ఒకటి నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని దేశం ఓడించిందని బళ్లో చదువుకున్నాం. అది నిజమే. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయబరేలీలో సాక్షాత్తు ఇందిరాగాంధీయే రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు. దేశం మొత్తం మీద ఆ పార్టీ 154 స్థానాల దగ్గర ఆగిపోయింది. మరి మన దగ్గర? ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ నీలం సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున గెలిచారు. మా అమలాపురం నుంచి కుసుమ కృష్ణమూర్తి కాంగ్రెస్ అభ్యర్థిగానే లోక్‌సభకు వెళ్లారు. ఆ 154లో నాలుగో వంతుకు పైగా తెలుగువాళ్లు ఇచ్చినవే. మరుసటి ఏడు శాసనసభ ఎన్నికల్లోనూ మనవాళ్లు ఇందిరా కాంగ్రెస్‌నే గెలిపించారు.

అలాంటప్పుడు ఎమర్జెన్సీకి ఎదురు నిలిచి జైళ్లకు వెళ్లిన తెలుగు కుర్రాళ్లు ఎవరికోసం వెళ్లినట్టు? వాళ్ల ఊళ్లే వాళ్ల మాట వినలేదు. వాళ్లు లోపల ఉన్నప్పుడూ వినలేదు, బయటికొచ్చి ఓటు అడిగినప్పుడూ వినలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోకుండా ప్రజాస్వామ్యం కోసం పోరాడే యువత గురించి ఏం రాసినా అది సభల్లో చదివే సన్మానపత్రంలాగే ఉంటుంది.

జొన్నాడ సెంటర్‌లో ఈ మాట కదిపి చూశాను. గౌతమి వంతెనకు ఈవల మా ఊరు, ఆవల రావులపాలెం. ఆలమూరు, మండపేట వైపు వెళ్లేవాళ్లూ, వంతెన దాటి కోనసీమలోకి దిగేవాళ్లూ ఇక్కడ కలుసుకుంటారు కాబట్టి రకరకాల మనుషుల మాటలు వినబడతాయి. భూమి ఉన్న పెద్దాయన ఒకరు, "ఆయ్, ఆ రోజుల్లో క్రమశిక్షణ ఉండేదండి. గుమాస్తా పదింటికల్లా సీట్లో ఉండేవాడు. రైళ్లు టైముకొచ్చేవి" అన్నారు. ఈ మాట దేశమంతా ఒకేలా వినిపిస్తుంది. రైలు ఎక్కాలంటే ఏరు పక్కనే పైకి, రాజమండ్రి దాకా వెళ్లాల్సిన మా ఊళ్లోనూ అదే మాట. నన్ను ఆపేసింది మాత్రం ఇంకొకాయన మాట. వయసంతా కూలి పనిలో గడిపిన మనిషి. "మా నాన్నకి ఇల్లు స్థలం పట్టా ఇచ్చింది అప్పుడే బాబూ. అంతకుముందు ఆ నేల మాదని చెప్పుకునే కాయితం లేదు మాకు."

దీన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. 1975 జులై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో ఇళ్ల స్థలాలున్నాయి, వెట్టిచాకిరీ రద్దు ఉంది, భూపరిమితి అమలు ఉంది. ఎంత అమలైందన్నది వేరే లెక్క. తరతరాలుగా ఒకరి గట్టు మీద గుడిసె వేసుకుని, ఆ ఆసామికి కోపం వస్తే గుడిసె పీక్కుని పోవాల్సిన బతుకులో పట్టా కాగితం చేతికి రావడం ఎంత పెద్ద సంగతో, ఆ గట్టు మీద బతికినవాళ్లకే తెలుస్తుంది. ఉత్తరాదిని మండించిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మన వైపు అంత ఉధృతంగా జరగలేదు. పత్రికల మీద సెన్సారు ఉంది కాబట్టి ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డుపడినవాళ్ల మీద కాల్పులు జరిపిన సంగతి ఇక్కడి పల్లెకు చేరలేదు. అందుకని 1977లో మనవాళ్లు అలా ఓటేయడాన్ని అజ్ఞానమని నేననను. వాళ్లకు కనబడిన దాన్ని బట్టి వాళ్లు వేశారు. చిక్కంతా కనబడనిదాంట్లో ఉంది.

కనబడనిదాన్ని చూసినవాళ్లలో ఒకరు మా కోనసీమ మనిషే. కాట్రేనికోన దగ్గర కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం. తండ్రి బొజ్జా అప్పలస్వామి అంబేడ్కర్ బాటలో నడిచిన దళిత నాయకుడు, శాసనసభ్యుడు. తారకం న్యాయవాది అయ్యారు. నిజామాబాద్ వెళ్లి స్థిరపడి, అక్కడ అంబేడ్కర్ యువజన సంఘం పెట్టి దళిత కూలి జనం మధ్య పనిచేశారు. ఎమర్జెన్సీలో ఆయన్ని జైల్లో పెట్టారు. పట్టాలు ఎవరికి అందుతున్నాయని ప్రభుత్వం చెప్పుకుందో ఆ జనంలోంచి వచ్చిన మనిషిని, ఆ జనం కోసమే పనిచేస్తున్న మనిషిని అదే ప్రభుత్వం లోపల వేసింది. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు దారి కొంచెం తెలిసింది. ఇచ్చేవాడు మంచివాడై ఇస్తే అది దయ. ఇవ్వనప్పుడు "ఏదీ?" అని అడిగి, జైలు పాలు కాకుండా ఇంటికి తిరిగి రాగలిగితే అది హక్కు. పట్టా వచ్చింది, అడిగే దారి మూసుకుపోయింది. రెండోది లేకుండా మొదటిది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ఆ రోజుల్లో లోపలున్నవాళ్ల ప్రశ్న.

తారకం తర్వాతి జీవితమంతా ఈ ప్రశ్నకే జవాబులా నడిచింది. 1985 జులైలో కారంచేడులో దళితులను చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్కన నిలబడ్డారు. కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభను నిలబెట్టారు. 1991 చుండూరు దళితుల హత్యల కేసులోనూ ఆయన గొంతు వినిపించింది. 'నది పుట్టిన గొంతుక' రాసిన కవిగా ఆయన్ని సాహిత్యం వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఓ చిన్న పుస్తకం. పేరు 'పోలీసులు అరెస్టు చేస్తే'. రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న రక్షణలు, అంటే పట్టుకెళ్లేటప్పుడు కారణం చెప్పాలని, వకీలును కలవనివ్వాలని, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని ఉన్న సంగతి, స్టేషను గడప తొక్కాలంటే వణికే మనిషికి తెలుగులో తెలియజెప్పాలన్న తపన ఎంత గొప్పది! ఆ పుస్తకం అక్కరకొచ్చే మనిషి 1977లో ఎవరికి ఓటేశాడో తారకం అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

ఇక్కడ ఇంకో నలుగురు కుర్రాళ్లను తలుచుకోకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, కొలిశెట్టి ఆనందరావు, వనపర్తి సుధాకర్. జనార్దన్ వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎమర్జెన్సీ వచ్చింది 1975 జూన్ 25 రాత్రి. సరిగ్గా నెలకి, జులై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో ఈ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులని ప్రభుత్వం చెప్పింది. ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ విచారించి, వాళ్లను పట్టుకుని చెట్లకు కట్టి కాల్చారని నివేదిక ఇచ్చింది. తర్వాత జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు గానీ అది చివరిదాకా సాగలేదు. 1975లోనే డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు.

వీళ్లు నక్సలైట్ ఉద్యమం వాళ్లు. ఓట్ల మీద, పార్లమెంటు మీద నమ్మకం లేనివాళ్లు. ఈ ప్రజాస్వామ్యం బూటకమనే వాళ్ల వాదన. వాళ్ల దారి నా దారి కాదు, ఈ సంగతి దాచుకోను. అలాగని ఇలాంటి వ్యాసంలోంచి వాళ్లను తప్పించడం నాకు చేతకాలేదు. ఎందుకంటే మన రాష్ట్రంలో పౌరహక్కుల ఉద్యమానికి ఊపిరి పోసింది ఇలాంటి చావులే. కె.జి. కన్నబిరాన్, ఆ తర్వాతి కాలంలో బాలగోపాల్, ఇలాంటివాళ్లు దశాబ్దాల పాటు అడిగినది ఒక్కటే: అతను ఏ నమ్మకం ఉన్నవాడైనా కావచ్చు, నేరం చేస్తే కోర్టుకు తీసుకురండి. తనను నమ్మనివాడి ప్రాణానికి కూడా పూచీ పడితేనే ప్రజాస్వామ్యానికి ఆ పేరు తగుతుంది. నమ్మినవాళ్లను కాపాడటం ఏ రాజైనా చేస్తాడు.

ఆ రోజుల్లో జైళ్లలో పోగైన మనుషుల్ని చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం. 1974లో జయప్రకాశ్ పిలుపుతో పుట్టిన ఛాత్ర సంఘర్ష సమితికి ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనరుగా ఉన్న ముప్పవరపు వెంకయ్యనాయుడు లోపల. విప్లవ రచయితల సంఘం వాళ్లు లోపల. సోషలిస్టులు లోపల. బయట ఒకరి సభలో ఒకరు కూర్చోనివాళ్లు ఒకే బ్యారక్‌లో కలిసి వార్తల కోసం ఎదురుచూశారు. నెల్లూరు మనిషి పఠాభి అని మనం పిలుచుకునే కవి పట్టాభిరామిరెడ్డి భార్య స్నేహలత బెంగుళూరు జైల్లో ఉబ్బసంతో నలిగిపోయి, 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే కన్నుమూశారు. నటి, నాటక కళాకారిణి. ఆమె మీద అభియోగం కోర్టులో నిలబెట్టే పని కూడా ఎవరూ చేయలేదు.

ఆ లోపలివాళ్ల తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వాదన 1976 ఏప్రిల్ 28న ఓడిపోయింది. ఎమర్జెన్సీలో ఎవరినైనా అక్రమంగా నిర్బంధించారని కోర్టు తలుపు తట్టే హక్కు లేదని ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు చెప్పారు. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నారు. పోలీసు కసి తీర్చుకోవడానికి ఒకణ్ని చంపేసినా దిక్కు లేదా అని విచారణలో ఆయన అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే అటార్నీ జనరల్ నిరేన్ డే జవాబిచ్చారు. గిరాయిపల్లి జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రధాన న్యాయమూర్తి పదవి తనకు రాకుండా పోయినప్పుడు ఖన్నా రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తన నోటితో కొట్టేయడానికి 2017 దాకా పట్టింది.

కానీ పార్లమెంటు అంతకాలం ఆగలేదు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. అంతకుముందు "ఆంతరంగిక కల్లోలం" అంటే చాలు, ఎమర్జెన్సీ పెట్టొచ్చు. ఇప్పుడు ఆ కారణం చోట సాయుధ తిరుగుబాటు ఉండాలి. ప్రధాని ఒక్కరి మాట మీద రాష్ట్రపతి సంతకం పెట్టడం కుదరదు, మంత్రివర్గం రాతపూర్వకంగా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణాన్ని, అంటే మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడే దాన్ని, సస్పెండ్ చేయడానికి వీల్లేదు. లోపలికి వెళ్లిన పిల్లల మొండితనం, వాళ్ల తల్లుల ఏడుపు, ఖన్నా ఒంటరి తీర్పు, వకీళ్ల ఓడిపోయిన వాదనలు, అన్నీ కలిసి ఆ రెండు మూడు వాక్యాలయ్యాయి. సెంటర్‌లో నాతో మాట్లాడిన పెద్దాయనకీ ఆ వాక్యాల రక్షణ ఉంది. పట్టా అందుకున్న కుటుంబానికీ ఉంది. 41 స్థానాల్లో ఓటేసిన ప్రతి ఇంటికీ ఉంది. ఎవరికోసం వెళ్లారన్న నా ప్రశ్నకు దొరికిన జవాబు ఇంతే. తమను కాదన్నవాళ్లకోసం కూడా వెళ్లారు.

ఎంత పెద్దవాళ్లకైనా ఎదురు నిలబడే గుణం మా గోదావరి జిల్లాకు కొత్త కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా పద్నాలుగేళ్ల పిల్లను నిలబెట్టారు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని ఆ పిల్లకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. పిల్ల ఆపేసింది. పక్కనున్న పెద్దలు కంగారుపడి ఆయనెవరో తెలుసా అని కోప్పడితే, తెలుసు, చెప్పిన రూలు పాటిస్తున్నానంది. టికెట్ తెప్పించాకే లోపలికి వదిలింది. రాజమండ్రిలో పుట్టిన ఆ పిల్ల తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, రాజ్యాంగ సభలో కూర్చుని, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశానికి తెలిసింది. మన పిల్లలకు ఈ కథలో దుర్గాబాయి ధైర్యం గురించి చెబుతాం. నెహ్రూ టికెట్ కోసం ఆగడం గురించి కూడా చెప్పాలి. ఆపే పిల్లా కావాలి, ఆగే పెద్దా కావాలి. పెద్దలు ఆగనంటే ఆ పిల్ల చేతిలో ఏం మిగులుతుంది? అప్పుడు పక్కన నిలబడేది ఎవరు? 1975లో మనం నిలబడలేకపోయిన చోటు అదే.

వీధిలోకొచ్చిన ప్రతి కుర్రవాణ్నీ ప్రజాస్వామ్య యోధుడనడం కూడా నావల్ల కాదు. అలా అనలేని రోజు మా దగ్గరే వచ్చింది. 2022 మే 24, అమలాపురం. కొత్త జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చొద్దని వేలమంది రోడ్డెక్కారు. అందులో చాలామంది కుర్రాళ్లు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి. అభ్యంతరం చెప్పే హక్కును ఆ పిల్లలకు రాసి ఇచ్చింది ఎవరి కలమో, ఆ మనిషి పేరు మీదే నిప్పు పెట్టారు. వాట్సాప్ సందేశాలతో పోగైన గుంపు అది. ఏళ్ల తరబడి ఇళ్లలో, అరుగుల మీద, పెళ్లి పందిళ్లలో పెద్దలు మాట్లాడుకున్న కులం మాటలు ఆ పిల్లల చేతుల్లో రాళ్లయ్యాయి. కేసులు పిల్లల మీద పడ్డాయి. మాటలు నేర్పినవాళ్ల మీద ఏ కేసూ లేదు. గుంపుగా వెళ్లి ఒక ఇంటిని కాల్చడానికి కావలసిన ధైర్యం చాలా తక్కువ. ఒక్కడే నిలబడి తన కులం పెద్దకు "ఇది తప్పండి" అని చెప్పడానికి కావలసిన ధైర్యం చాలా ఎక్కువ. ఆ రెండోదాన్నే నేను యువశక్తి అంటాను.

ఆ తర్వాత ప్రభుత్వం కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసింది. ఇంటి దగ్గరి నుంచి ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. రాయి వేసినవాడికీ, పరీక్ష ఫీజు కట్టాల్సినవాడికీ ఒకే శిక్ష. అల్లరిని ఆపాలి, సందేహం లేదు. అందరి నోరూ ఒక్కసారే మూసే అలవాటు మాత్రం ఏ ప్రభుత్వానికి పట్టినా నాకు భయమే. తర్వాత నిలబడింది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు. అది నాకు సంతోషం.

అందరి నోరూ మూసే అలవాటు ఎక్కడిదాకా పోతుందో చూపడానికి సముద్రం అవతల మనకు బంధువుల్లాంటి దేశం ఒకటుంది. బర్మా. మా తాతల తరంలో "రంగం వెళ్లాడు" అంటే రంగూన్ వెళ్లాడని. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి గోదావరి మనుషులు ఎంతమంది వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలనే పేరే పడింది. ఇప్పటికీ అక్కడ తెలుగు కుటుంబాలున్నాయి. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. ఇళ్లలో ఆడవాళ్లు రాత్రిళ్లు గిన్నెలు, మూకుళ్లు మోగించారు. దెయ్యాన్ని తరమడానికి అక్కడ చేసే పని అది. మార్చి 3న మాండలేలో క్యాల్ సిన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి తలకు గుండు తగిలి చనిపోయింది. అంతకు కొద్ది నెలల ముందే ఆమె జీవితంలో మొదటిసారి ఓటేసింది. సిరా పూసిన వేలితో సంబరంగా ఫొటో దిగింది. ఆ ఓటుని సైన్యం చెరిపేస్తే, అదేమని అడగడానికి ఆమె వెళ్లింది. మన దగ్గర ఓటు వేసిన మర్నాడు ఆ సిరా ఎవరూ చూసుకోరు. వాళ్లు ఆ వేలి కోసం చచ్చిపోతున్నారు.

మనకు అంత పరీక్ష రాకూడదని కోరుకుంటాను. రాకుండా ఉండాలంటే చిన్నచోట్ల అడగడం అలవాటుండాలి, చిన్నచోట్ల పెద్దవాళ్లకు ఆగడం అలవాటుండాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మా కొత్తపేట నియోజకవర్గంలోని వానపల్లి సభకే వచ్చారు. మంచిది. ముఖ్యమంత్రి రాని రోజు గ్రామసభ ఎలా ఉంటుందో కూడా చూడాలి. మా చుట్టుపక్కల ఒక ఊళ్లో నేను చూశాను. సభ మొదలవకముందే సంతకాల పుస్తకం చేతులు మారుతోంది. డిగ్రీ రెండో ఏడు చదివే ఓ అమ్మాయి పుస్తకం అందుకుని, సంతకం పెట్టకుండా, "తీర్మానం చదవండి, విని పెడతాను" అంది. ఆ తర్వాత వీధిదీపాల ఖర్చు ఎంతైందని అడిగింది. "నీకెందుకమ్మా ఇవన్నీ, చదువుకో" అన్నారొకరు. వాళ్ల నాన్న అక్కడే ఉన్నారు. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నారు. కాసేపటికి లేచి, "అడిగింది కదండీ, చెప్పండి" అన్నారు.

లెక్క ఆ రోజు చెప్పలేదు. ఆ అమ్మాయి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టింది. మన రాష్ట్ర నియమాల్లో పంచాయతీ స్థాయి అర్జీకి రుసుమే లేదు, మండలంలో అయితే ఐదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ ఆమె నాకు చెప్పింది, నేను ఆమెకు చెప్పలేదు. ఈసారి సభకు తన స్నేహితురాళ్లను ఇద్దరిని తీసుకొస్తానంది. నేనూ వెళ్తాను.